దేనికీ పనికిరాని చదువు

జమ్మలమడుగు బడిలో లెక్కలు చెప్పే మా వేదవతక్క, యాభై దాటాక ఫోనులో స్పానిష్ నేర్చుకుంటోంది. ప్రొద్దుటూరులో బస్సెక్కిందంటే దిగేదాకా పైకే వల్లిస్తుంది. ‘పోర్ కే’ అంటే ఎందుకు. అది కారణం అడుగుతుంది. ‘పారా కే’ అంటే దేనికి. అది ప్రయోజనం అడుగుతుంది. మొదట్లో ఒకదాని బదులు ఇంకొకటి వాడేసేది. చివరికి ఊళ్ళోవాళ్ళు అడిగే ప్రశ్నే ఆ తేడా నేర్పింది.

మొన్న బస్సులో హెడ్మాస్టరు వరదరాజులు నవ్వాడు. “ఈ వయసులో మీకిది దేనికి మేడం? ఏ దేశం పోతాండారు?”

పక్క సీట్లో ఉన్న నాకు ఒళ్ళు మండింది. అక్క ఫోను కూడా దించలేదు.

“యాడికీ పోను సార్. అందరూ దేనికనే అడుగుతాండారు, ఎందుకని ఒక్కరూ అడగరు. బీఈడీ ఉద్యోగం కోసరం చదివినాను. కుట్టుపని పిల్లోళ్ళ గౌన్ల కోసరం నేర్చినాను. ఇది దేనికీ పనికిరాదు. అందుకే ఇది నాది.”