"ఎన్ని నెలలైందిరా?" అని అడిగే రాజేశం మామ

నిన్న పొద్దున మామ నా బండి దగ్గరికి ఇడ్లీకి రాలేదు. డబుల్ షిఫ్ట్ పడిందేమో అనుకున్నాను.

ఎనిమిదింటికి గల్లీ గ్రూప్‌లో మెసేజ్. మూడు గుడ్ మార్నింగ్ పువ్వుల కింద, "రాజేశం ఇక లేడు" అని.

షాక్ అంటే మనిషి అరుస్తాడు అనుకునేవాణ్ణి. నేను ఆర్డర్ ఉన్న నాలుగు ప్లేట్లు ఇచ్చాను. చట్నీ కూడా వేశాను. అప్పుడు స్టవ్ ఆపాను.

తెల్లవారుజామున ఛాతీలో నొప్పి వచ్చిందట. ఆటోలో తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడట.

తెలియనివాళ్ళకు చెప్తున్నా. రాజేశం మామ నాకు సొంత మామ కాదు. సూరత్‌లో, ఈ భేస్తాన్‌లో మా ఎదురింటి మనిషి. కరీంనగర్ వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు ఇక్కడ సాంచెలు నడిపాడు. మరమగ్గాన్ని మావాళ్ళు అలాగే అంటారు.

మా గల్లీలో బాగుపడ్డవాళ్ళ గురించి మాటలకు కొదవ లేదు. టెన్త్ పాసైతే "గట్టెక్కిండు". కోసాడ్ సర్కారు కాలనీలో క్వార్టర్ దొరికితే "సెట్ అయిండు". కొత్త బైక్ ఫోటో కింద "సక్సెస్ బ్రో". సేఠ్ మెచ్చుకుంటే గుజరాతీలో "సరస్", అంటే బాగుంది అని.

నేను తొమ్మిదిలో బడి మానేశాను. తర్వాత ఆరు పనులు మారాను. ప్రతి కొత్త పనికీ స్టేటస్ పెట్టాను, ప్రతిసారీ మీరందరూ కంగ్రాట్స్ అన్నారు.

మానేసినప్పుడు స్టేటస్ పెట్టలేదు.

మామ ఒక్కడే ఎప్పుడూ కంగ్రాట్స్ అనలేదు. ఎవరి గుడ్ న్యూస్ విన్నా ఆయనది ఒకటే ప్రశ్న. "ఎన్ని నెలలైందిరా?"

చాలామందికి ఒళ్ళు మండేది. స్వీట్ బాక్స్ పట్టుకొచ్చినవాణ్ణి కూడా అడిగేవాడు. దూద్‌పేడా నోట్లో పెట్టుకునే అడిగేవాడు.

ఎందుకలా అడుగుతావంటే ఒకసారి సాంచె మీద బీమ్ చూపించాడు. పడుగు దారం చుట్టిన పెద్ద రోలర్ అది.

"కొత్త బీమ్ ఎక్కినంక మొదటి పది మీటర్లు ఏ సాంచైనా మంచిగనే నేస్తది అల్లుడా. బీమ్ ఖాళీ అయినంక చెప్పు నాకు."

పోయిన దసరా తర్వాత ఇడ్లీ బండి పెట్టాను. ఏడో పని.

నాలుగో నెలలో జగిత్యాల దగ్గరి నుంచి ఒక సంబంధం వచ్చింది. సూరత్ అబ్బాయి అంటే మావాళ్ళు ముందు ఇక్కడ నమ్మకమైన మనిషికి ఫోన్ చేసి అడుగుతారు. అమ్మాయి తండ్రి మామకు చేశాడు.

"పిల్లగాడు సెట్ అయిండా?"

మామ చెప్పింది ఇది: "పిల్లగాడు మంచోడే. బండి పెట్టి నాలుగు నెలలైంది. సెట్ అయిండని నేను చెప్ప. ఏడాది నిండినంక ఫోన్ చేయుండ్రి, ఉన్నదున్నట్టు చెప్త."

వాళ్ళు ఏడాది ఆగలేదు. వేరే సంబంధం చూసుకున్నారు.

నేను మామ ఇంటి మీదికి గొడవకు పోయాను. గల్లీ అంతా విన్నది.

"ఒక్క మాట అంటే నీదేం పోతుండె? అందరు అంటరు గదా!"

"అందరు అంటరు. ఫోన్ నాకచ్చిందిరా. ఎనకట ఒకని గురించి అన్న. సెట్ అయిండు, కండ్లు మూసుకోని పిల్లనియ్యిండ్రి అని. మూడు నెలలకు వాడు పనిడిచిపెట్టి తిరిగిండు. ఆ పిల్ల కుట్టుపనికి వోయి ఇల్లు నడిపింది. నేను ఆ గల్లీల పోవుడే బంద్ చేసిన."

నేను వినే మూడ్‌లో లేను. "నీ నోట్లకెల్లి ఒక్క మంచి మాట రాదు" అని వచ్చేశాను. మాట్లాడటం మానేశాను.

మామ మాత్రం రోజూ ఆరున్నరకు వచ్చేవాడు. రెండు ఇడ్లీ. మొహం చూడకుండా ఇచ్చేవాణ్ణి.

వానకు గల్లీలో మోకాళ్ళ దాకా నీళ్ళు నిలిచిన రోజు బండి తీయొద్దనుకున్నాను. మామ వచ్చి చూస్తే ఏమనుకుంటాడో తెలుసు. తీశాను. ప్యాంటు మడిచి వచ్చాడు, తిన్నాడు, పోయాడు.

పోయిన ఆదివారం, ఏడు నెలల తర్వాత, ఆయనే నోరు విప్పాడు.

"ఎన్ని నెలలైందిరా?"

"పదకొండు."

"ఊఁ. చట్నీ జర ఎక్కువెయ్యి."

అంతే. నాతో మళ్ళీ మాట్లాడింది లేదు.

నిన్న మామ ఇంటి దగ్గర ఆల్థాన్ నుంచి వచ్చిన చుట్టం ఒకాయన అన్నాడు, "ముప్పై ఏండ్లు సూరత్‌ల ఉన్నడు, సొంత రూమ్ లేదు. సెట్ కాలె పాపం."

అత్త ఏడుపు ఆపి తలెత్తింది. "ఒక్కనాడు నాగా పెట్టలె మా మనిషి" అంది.



ఇవాళ పొద్దున నేను బండి తీశాను. "మామ పోయిన మర్నాడే బండి పెట్టినవా? మనిషివేనా?" అని మొహం మీదే అన్నారు. గ్రూప్‌లో కూడా రాశారు. అందుకే ఈ పోస్ట్.

ఏడాది నిండటానికి ఇంకో నెల ఉంది. నాగా పెట్టదలుచుకోలేదు. నిండిన రోజు "సెట్ అయిండు" అనే ఆ మాట ఎవరంటారో తెలియదు. ఎవరన్నా మామ అన్నట్టు ఉండదు.

ఆరున్నరకు అలవాటుగా ప్లేట్‌లో రెండు ఇడ్లీ పెట్టాను. తీసుకునే మనిషి లేడు. చల్లారిపోయాక, చట్నీ ఎక్కువ వేసుకుని నేనే తిన్నాను.

పోయి రా మామా. దసరా దాటాక నువ్వు అడగకపోయినా చెప్తా.

సాంచెల చప్పుడు లేని చోట నీకు మంచిగా నిద్ర పట్టాలి.