సీసాలో చెరువు
మా మేడమ్ పోయారన్న కబురు నాకు చెప్పింది కాలేజీవాళ్ళు కాదు, రోలుగుంట వైపు గేదెలు మేపుకునే ఒక రైతు. "మేడమ్ గారు నేరండీ, తెల్లారగట్ల పోయారంట" అన్నాడు ఫోన్లో. అనకాపల్లిలో ఉన్నదాన్ని ఉన్నట్టే బస్సెక్కాను.

నర్సీపట్నం కాలేజీలో ఆవిడ బోటనీ చెప్పేవారు. నేను జూనియర్ లెక్చరర్ని. చెరువుల్లో విషపు నాచుని శాటిలైట్ ఫొటోల్లో పట్టుకోవాలన్న పిచ్చి తొంభైల్లో ఆవిడకి పట్టి, నాకూ అంటుకుంది. శాటిలైట్ మన మీదుగా పోయే రోజునే చెరువు నీళ్ళూ పట్టాలి, లేకపోతే ఫొటోని దేంతో పోల్చుకుంటాం? "బేగి రా అమ్మాయ్, అది బస్సు కాదు, చెయ్యెత్తితే ఆగదు" అనేవారు. తీరా వెళ్తే మబ్బు. నెలల తరబడి ఫొటోల్లో దూది తప్ప ఏమీ వచ్చేది కాదు. నాకు ప్రాణం విసిగిపోయేది. ఆవిడకీ విసుగే, కాకపోతే పైకి అనకుండా టిఫిన్ డబ్బా మూత గట్టిగా నొక్కేవారు.

ఒక్కసారి మాత్రం ఫొటో అద్దంలా వచ్చింది. చెరువులో ఓ మూలంతా ఎరుపు. ఆ ఫొటోల్లో నాచు ఎర్రగానే పడుతుంది. మేడమ్ సంబరంగా తీసుకెళ్ళి ఆ గేదెల రైతుకి చూపించారు.

"ఎప్పుడు తీసినారండీ ఇది?"

"నెల్లాళ్ళయింది నాయనా."

"అప్పటికి మా గేది బతికే ఉందండి."

ఆ రోజు నీళ్ళు పట్టిందీ మేమే. ఫొటో వచ్చాక చెబుదామని ఊరుకున్నాం. తిరుగు బస్సు దిగాక ఆవిడ అన్నారు: "ఫొటో మన కోసం. వాళ్ళకి కావలసింది చాటింపు."

తరవాత రైతుకి ఓ గాజు సీసా ఇచ్చారు. "నీళ్ళు పట్టి కదపకుండా పెట్టు. పచ్చదనం అడుక్కి దిగితే సరే. పైకి తేలితే నాకు చూపించు, చెరువుకి గొడ్లని తోలొద్దని చాటింపు వేయిద్దాం." ఫొటో ఎప్పుడో వచ్చి అవుననో కాదనో చెప్పేది. కాదన్నప్పుడు, ఉత్తపుణ్యానికి చెరువు మాన్పించారని ఊరివాళ్ళు తిట్టేవాళ్ళు. "తిట్లు అరుగుతాయిలే, ఆ నీళ్ళే అరగవు" అనేవారు మేడమ్.

నేను మేడమ్ ఇంటికి వెళ్ళేసరికి ఆవిణ్ణి తీసుకెళ్ళిపోయారు. అరుగు మీద రైతు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన సీసా.

"మేడమ్ గారికి సూపిద్దారని పొద్దున్నే తెచ్చానండీ. తేలతన్నాది. సాటింపు ఏయించీమంటారా?"

ఆ మాట చెప్పాల్సిన మనిషి లేరు. పైన మబ్బు, ఫొటో కూడా రాదు. నాకు భయం వేసింది, ఏడుపూ వచ్చింది.

"వేయించు" అన్నాను.

అతను గబగబా వెళ్ళిపోయాడు. ఆవిడ చెప్పుల పక్కన సీసా అలాగే ఉంది. పచ్చదనం మెల్లగా మూతి దగ్గరికి చేరుతోంది.