ఇనప పలక పెట్టిన చోటు

రాయిలోనూ ఇసుకలోనూ శబ్దం ఎలా పాకుతుందో, నీరు ఎలా నడుస్తుందో రుషికొండ దగ్గర ఒక కాలేజీలో నేను పాఠం చెబుతాను. అందుకని చుట్టాలందరికీ నేను నేలలో నీళ్లెక్కడున్నాయో కనిపెట్టే మనిషిని. కాదని ఎంత మొత్తుకున్నా వినరు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పద్మనాభంలో మా అక్కవాళ్ల వరి కంకి తీయబోతూ పొట్ట మీదుంది, పాత బోరు ఎండిపోయింది. కొత్త బోరు ఎక్కడ వేయాలో చూడమని బావ ఫోన్ చేశాడు. ఆ చేను పోతే ఆ ఏడాదికి వాళ్లకి ఇంకేమీ లేదు. కాలేజీ పరికరాలు కారులో వేసుకుని వెళ్లాను.

నేల మీద ఇనప పలక పెట్టి సమ్మెటతో కొట్టాను. ఆ అదురు భూమిలోకి దిగి తిరిగొచ్చే తీరును, గట్టు పొడవునా గుచ్చిన పరికరాలు గీతలుగా చూపిస్తాయి. వచ్చిందంతా గజిబిజి. కింద సగం మెత్తబడ్డ రాయి, బంకమట్టి, గులకరాళ్లు, ఒక వరసంటూ లేకుండా. తడి ఉన్నట్టే ఉంది. కానీ తడి ఉండటం వేరు, నీరు కదిలి రావడం వేరు. లోపలి సందులు ఒకదానితో ఒకటి కలిశాయో లేదో ఆ గీతలు చెప్పలేదు.

"తెలీడం లేదు బావా" అన్నాను.

ఆయన నవ్వాడు. "పెద్ద సదువులోలు తెలుసని ఎప్పుడు సెప్పినారులే. టీ తాగు."

వారం తిరక్కుండా మళ్లీ వెళ్తే, బోరు లారీ వచ్చి తవ్వుతోంది, సరిగ్గా నా పలక అచ్చు పడిన చోట. అక్కడ పలక పెట్టింది జీడిచెట్టు నీడ ఉందని, అంతే.

"ఇక్కడెందుకు బావా?"

"నువ్వు నోటితో సెప్పకపోతే ఏటి, పలక ఎట్టినావు కదా. నాకర్దమయిపోనాది."

ఆపమని అరిచాను. ఆ మోతలో ఎవరికీ వినపడలేదు. తెల్లటి పొడి లేచి వరి మీద పడుతోంది. కాసేపటికి పొడి ముద్దకట్టింది. అక్క గుప్పెడు తీసి గట్టిగా పిండింది. చెయ్యి తడిసింది గానీ చుక్క రాలలేదు. ఎందుకు రాలలేదో నాకు బాగా తెలుసు. నా చదువు మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

నీళ్లు పడకపోయినా బావ బోరువాళ్లకి డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, నన్ను టీకి పిలిచాడు. తిట్టినా బాగుండేది.

చేను నిలువునా ఎండింది. చివరికి బావ పశువుల్ని అందులోకి తోలాడు. అక్క గట్టు మీద కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను.

"పాపం, ఎంత ఆకలేసినాదో" అంది అక్క. "ఎలగ తింటన్నాయో సూడు."