జరీ గుడ్డ మీద రేడియో

ఒక రేడియోను బాగుచేయబోయి దాని ప్రాణం తీసిన కథ ఇది. తీసింది నేనే కాబట్టి వివరాలన్నీ బాగా తెలుసు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. తిరువళ్ళూరులో రేడియో పని నేర్చుకుని, సొంతంగా ఒక టెస్టర్ తయారు చేశాను. రెండు టార్చి సెల్లులు, ఒక బజర్, రెండు వైర్లు. వైర్ల కొసలు బోర్డు మీద రెండు చోట్ల ఆనిస్తే, వాటి మధ్య కరెంటుకు దారి ఉంటే కుయ్‌మంటుంది. దారి ఉండకూడని చోట కుయ్‌మంటే అక్కడ షార్ట్ అయినట్టు. విద్య ఇంతే. గర్వం మాత్రం చాలా ఉండేది.

తిరుత్తణిలో మగ్గం నేసే మా మామ రేడియో మూగబోయింది. “దీన్ని పలికించినావంటే వీధిగది నీకే రా. అంగడి పెట్టుకో,” అన్నాడు. అంగడి నా కల. టెస్టర్ సంచిలో వేసుకుని పరుగెత్తాను.

ఆ ఇంట్లో కొత్త పనిముట్టు ఏది వచ్చినా జరీ గుడ్డ మీద పెట్టి బొట్టు పెట్టడం ఆనవాయితీ. అత్త పాత పట్టుచీర పల్లూ పరిచి టెస్టర్‌కు పసుపు కుంకుమ పెట్టింది. నేనూ భక్తిగా రేడియో బోర్డును ఆ పల్లూ మీదే పెట్టి పని మొదలుపెట్టాను.

వైర్లు ఆనించాను. కుయ్. ఇంకోచోట ఆనించాను. కుయ్.

“ఏమంటా ఉండాది రా?” అన్నాడు మామ.

“షార్ట్ అయి ఉండాది మామా.”

“యాడ?”

“అన్ని చోట్లా.”

“మొన్నటిదాకా పాడతా ఉండింది గదరా.”

“లోలోపల చెడిపోయి ఉంటాది,” అన్నాను, పెద్ద డాక్టరులా.

ఒక్కో భాగం ఊడబెరికాను. కూత ఆగలేదు. మధ్యాహ్నానికి రేడియో అంతా పళ్ళెంలోకి చేరింది. బోర్డులో మిగిలినవి చిల్లులే. వాటిలో వైర్లు దూర్చినా కుయ్.

“ఆ పల్లూ ఇట్ల ఇయ్యి, మడిచి పెట్టల్ల,” అంటూ అత్త గుడ్డ లాగింది. నా చేతిలో వైర్లు దానికి తగిలాయి. కుయ్.

“ఏమిరా అల్లుడా, పల్లూ గూడా చెడిపోయినాదా?” అన్నాడు మామ.

జరీ అంటే వెండి తీగ, కరెంటుకు మంచి దారి. ఇంతసేపూ నేను పరీక్షించింది అత్త పెళ్ళిచీరని. సిగ్గుతో తలెత్తలేకపోయాను. గది పోయిందని ఏడుపూ వచ్చింది.

మామ వైర్లు తీసుకుని, వ్యాపారి కొత్తగా తెచ్చిచ్చిన జరీ దారపు కండె మీద ఆనించాడు. చప్పుడు లేదు. మళ్ళీ ఆనించాడు. లేదు.

“అసలు జరీ అని చెప్పి ప్లాస్టిక్‌ది అంటగట్టినాడు రా వాడు,” అన్నాడు నెమ్మదిగా. “సెరి. గది తీసుకో.”

వారం తిరక్కుండా వీధిలోని నేతగాళ్ళంతా జరీ కండెలతో నా అంగడి ముందు నిలబడ్డారు. నేను మాత్రం అదే పల్లూ మీద చెయ్యి వేసి, ఇక ఈ జన్మలో ఎవరి రేడియో విప్పనని గంభీరంగా ప్రమాణం చేశాను.

“ఆ మాట బయట బోర్డు మీద రాయించు రా,” అన్నాడు మామ. “జనం ధైర్యంగా లోపలికి వస్తారు.”