పీర్ల పండగనాటి రెండు మాటలు

మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టిందండీ! పెళ్ళయి ఏళ్ళు గడిచిపోయి, డాక్టర్లు కూడా ఇంక చూద్దాంలెండి అని మొహం తిప్పేసుకున్నాక, బంగారుబొమ్మలాంటి పిల్ల పుట్టింది. నా వయసువాడు వీధిలో గెంతకూడదు గానీ గెంతాను. నర్సింగ్ హోం మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పాను, పాలబ్బాయికీ, రిక్షావాడికీ, ఎవరో ముక్కూమొహం తెలియని ముసలామెకీ. చెప్పినకొద్దీ ఇంకా చెప్పాలనిపించింది. అదే ఊపులో సైకిలు తొక్కుకుంటూ మా పక్కింటికి వచ్చాను, మా టైలరు అన్నగారికి చెబుదామని. అప్పటికే అన్నగారు పోయారు.

వాకిట్లో చెప్పులు గుంపుగా ఉన్నాయి. పీర్ల పండగ పదో రోజు గదా, ఊరేగింపు కోసం జనం వచ్చారేమో అనుకున్నాను. నవ్వుతూనే లోపలికి అడుగుపెట్టాను. ఆయన కొడుకు నా చెయ్యి పట్టుకుని "బాబాయ్, మా అబ్బా..." అని లోపలి గది వైపు చూపించాడు. తెల్లవారకముందే లేచి నాలుగు మెతుకులు తిని ఉపవాసం పట్టారట. నమాజు చేసుకుని వచ్చి, పానకానికి బెల్లం నానేసి, గుండెలో పట్టేసినట్టుందని గోడకి చేరగిలబడ్డారట. అంతే. నేను తెచ్చిన మాట నా నోట్లోనే ఉండిపోయింది.

నేను చదివింది ఎనిమిదో తరగతి. మొక్కల నర్సరీలో అంట్లు కట్టి బతికినవాణ్ణి. రాతలో తప్పులుంటే మన్నించండి. ఈ కడియం కాలవగట్టు రోడ్డు మీద మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒక పిట్టగోడ. ఆయన ఇంటి ముందుగదే కొట్టు. ఊరంతా సాయిబుగారు అనేవారు, నాకు అన్నగారు. మెడలోంచి టేపు ఎప్పుడూ దిగేది కాదు. భోజనానికి కూర్చున్నా అలాగే, మా ఇంట్లో పెళ్ళికి వచ్చినా అలాగే.

రంజాన్ నాడు నమాజు నుంచి వస్తూనే, టోపీ కూడా తీయకుండా, సేమ్యా పాయసం గిన్నెతో పిట్టగోడ దగ్గరికి వచ్చేవారు. ద్రాక్షారామం నుంచి మా అక్కయ్య వచ్చి ఉంటే మాత్రం గిన్నె వచ్చేది కాదు. ఆవిడ నిష్ఠ ఆవిడది, ఎవరింట్లో వండినదీ ముట్టదు. అప్పుడు సేమ్యా, ఖర్జూరాలు, పంచదార, పాలు విడివిడిగా వచ్చేవి. "అక్కగారిని వాళ్ళ పొయ్యి మీదే వండుకోమనండి. ఆవిడకి పండగ తప్పిపోకూడదు గదా" అనేవారు. మా అక్కయ్య వండుకుని తిని, గోడవతలికి వినపడేలా "సాయిబుగారి పాయసం కంటే నాదే బాగుందిరా" అనేది. "సేమ్యా నాదేనండోయ్ అక్కగారూ!" అని అట్నుంచి జవాబొచ్చేది.

ఉపవాసాల నెలలో ఎండకి ఆయన పెదాలు ఎండిపోవడం చూసి, ఈ వయసులో ఎందుకండీ ఈ అవస్థ అని అడిగానొకసారి. "ఆకలేస్తే అన్నం గుర్తొస్తుంది అందరికీ. అన్నం లేనివాడు గుర్తురావాలండి. అందుకే ఒక నెలంతా పెట్టారు, ఒక్కరోజైతే మర్చిపోతామని" అన్నారు. బక్రీదుకి మాంసం మూడు వాటాలు వేసేవారు. ఇంటికొకటి, చుట్టాలకీ స్నేహితులకీ ఒకటి, లేనివాళ్ళకొకటి. "నాది ఏ వాటాలోకి వస్తుందండీ?" అన్నాను. "వంటయ్యేదాకా ఆగకుండా పొయ్యి దగ్గరే తినేసి పోతారు, మళ్ళీ వాటా కూడానా?" అన్నారు. పక్కింటికి గిన్నె వెళ్ళని పండగ, పండగ కాదండీ అనేవారు. ఆయన నోటి నుంచి నేను ఎక్కువసార్లు విన్న మాట అదే.

ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నేనొక తెలివితక్కువ పని చేశాను. మా పల్లెల్లో పీర్ల పండగంటే డప్పులు, అగ్గిగుండం, పిల్లలకి బూరలు, బుడగలు. మొక్కుకునేవాళ్ళలో సగానికి పైగా మావాళ్ళే. పండగన్నాక తీపి పట్టుకెళ్ళాలి గదా అని మా ఆవిడ చేత బూరెలు వండించుకుని వెళ్ళి, "పండగ బాగా చేసుకుంటున్నారా అన్నగారూ?" అన్నాను. లోపల వదినగారు గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అన్నగారు మాత్రం రెండు చేతులా గిన్నె అందుకుని, కుర్చీ చూపించారు.

"తమ్ముడుగారూ, ఇది పండగ కాదండి. చావు. మా ప్రవక్తగారి మనవణ్ణి, వాళ్ళ పసిపిల్లల్ని, నది పక్కనే నీళ్ళందకుండా చేసి చంపేసిన రోజు. మన గోదారి ఒడ్డునే ఉండి, పిల్లాడికి గుక్కెడు నీళ్ళు పట్టలేకపోతే ఎలా ఉంటుందో చూడండి."

"మరి అందరూ పండగంటారేంటండీ?"

"మీవాళ్ళు అన్నారు. దిద్దలేక మేమూ అంటున్నాం" అని నవ్వారు.

మర్నాడు గిన్నె తిరిగి ఇస్తూ, "నిన్న ఉపవాసం మీ బూరెతోనే విడిచానండి" అన్నారు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ నది మాట నా మనసులోంచి పోలేదు. ఏటా పదో రోజు ఆయన కొట్టు ముందు పెద్ద గుండిగ పెట్టి, దారిన పోయేవాళ్ళందరికీ బెల్లం, సోంపు, ఏలకులు కలిపిన నీళ్ళు పోసేవారు. ఆయన షర్బత్ అనేవారు, మేం పానకం అనేవాళ్ళం. దాహంతో పోయినవాళ్ళ పేర పోసేదట. తను మాత్రం ఉపవాసం. ఒక్క చుక్క నోట్లో పడకుండా పొద్దుగూకేదాకా అందరి గ్లాసులూ నింపేవారు. వాళ్ళ నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయట, అందుకే వాళ్ళ రోజులు కొన్నేళ్ళు వానల్లో, కొన్నేళ్ళు ఎండల్లో వస్తాయి. ఈమధ్య ఏళ్ళల్లో ఈ పదో రోజు నడివేసవిలోనే పడుతోంది. కాలవలు కట్టేసి, అడుగున బురద ఎండి పగుళ్ళు తీసే రోజులు. ఆ ఎండలో ఆ గ్లాసు విలువ తాగినవాడికే తెలుస్తుంది.

అన్నగారు పోయిన ఆ పొద్దున మళ్ళీ నర్సింగ్ హోంకి వెళ్ళక తప్పలేదు. మా అక్కయ్య మెట్ల దగ్గరే నన్ను ఆపేసింది. అప్పటికే ఎవరో చెప్పారు.

"ఒరే, చావింట్లో కాలుపెట్టి వచ్చావా? బిడ్డ దగ్గరికి రాకు. ఇంటికి పోయి నెత్తిన నీళ్ళు పోసుకుని రా."

"పోసుకుంటాలే అక్కా."

"పిల్లకి చెప్పకు. పచ్చి బాలింత. పాలు ఇగిరిపోతాయి. చెప్పావంటే నేనూరుకోను."

అని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మంచి మనిషిరా" అంది. ఇంటికి పోయి తలస్నానం చేసి వచ్చాకే గదిలోకి అడుగుపెట్టాను. మా అమ్మాయి అడిగిన మొదటి మాట, "పెదనాన్నగారికి చెప్పావా నాన్నా?" అని. చెప్పానమ్మా అన్నాను. ఏమన్నారు అంది. చాలా సంతోషించారమ్మా అన్నాను. పిల్లని చూస్తున్నట్టు ఉయ్యాల మీదికి వంగిపోయాను.

ఆ ఇంట్లో ఈ మాట చెప్పలేను. ఈ గదిలో ఆ మాట చెప్పలేను. రెండూ నెత్తిన పెట్టుకుని ఆ ఎండలో రోడ్డున పడ్డాను.

అన్నగారి వాకిట్లో ఆయన కోడలు గుండిగ పక్కన నిలబడి ఉంది. "మామయ్యగారు నానేసి వెళ్ళిపోయారండీ. పారబోయమంటారా?" అంది. కొడుకు "ఈ ఏడాదికి వద్దులే, మనింట్లోనే చావుంటే షర్బతేంటి" అన్నాడు. అక్కడే ఉన్న, మసీదులో నమాజు చేయించే హజరత్ గారు, "చనిపోయినవాళ్ళ పేర పోసేదే గదా బాబూ. ఇంకొక పేరు కలిసింది, అంతే. పోసేవాళ్ళే లేరు, మనమంతా లోపలి పనుల్లో ఉన్నాం" అన్నారు. నేను పోస్తానండీ అన్నాను. ఎలా అనేశానో తెలియదు.

గ్లాసుల కోసం కొట్లోకి వెళితే మిషను మీద తెల్లటి గుడ్డముక్కలు కనపడ్డాయి. నా పాత పంచె. బాగా ఉతికి మెత్తబడిందని, పుట్టే బిడ్డకి జుబ్బాలకి పనికొస్తుందని నేనే ఇచ్చాను. పుట్టకముందు కుట్టకూడదని మా అక్కయ్య గోల పెడితే, "కత్తిరించి ఉంచుతాలెండి అక్కగారూ, కబురు రాగానే కుట్టేస్తా, కత్తెరకి దోషం లేదు గదా" అన్నారు. చిన్న చిన్న చేతులు, చిన్న మెడ, అన్నీ విడివిడిగా మడతపెట్టి ఉన్నాయి. లోపలి గదిలో ఆయనకి కట్టే తెల్లబట్ట పరుస్తున్నారు. దానికీ కుట్టు ఉండకూడదట.

మధ్యాహ్నం పీర్లు వచ్చాయి. అన్నగారింటి ముందుకి రాగానే, ఏటా పానకానికి ఆగినట్టే, డప్పులు ఆపేశారు. ఒక్కొక్కరికీ పోశాను. నేనూ పొద్దుట్నుంచి మంచినీళ్ళు ముట్టలేదు. మొక్కేం కాదు, ఆయన అలా పోసేవారు కాబట్టి. డప్పులాయన గ్లాసు అందుకుంటూ "పెద్దాయన ఏరండీ?" అన్నాడు. కబురు ఇంకా అతనిదాకా వెళ్ళలేదు. "పోయారు బాబూ పొద్దున. మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది" అన్నాను. రెండు మాటలూ ఒకేసారి బయటికొచ్చేశాయి. అతను గ్లాసు పట్టుకుని నా మొహంలోకి చూసి, "దేనికని తాగమంటారండీ?" అన్నాడు. అతను చెప్పులు విడిచి, రోడ్డు మీదే నిలబడి తాగాడు. ఆ రోజుని పండగ అని మావాళ్ళు తెలియక అన్నారో, తెలిసే అన్నారో మరి.

సాయంత్రం అన్నగారిని మోసుకెళ్ళాం. నన్నూ భుజం పట్టనిచ్చారు. గుప్పెడు మన్ను వేశాను. ఇంటికొస్తే మా ఆవిడ గుమ్మంలోకి రానివ్వకుండా నూతి దగ్గరే నీళ్ళు తోడి పోసింది. పోస్తూ పోస్తూ తనూ ఏడ్చింది.

ఇది రాసేనాటికి అమ్మాయిని ఇంటికి తెచ్చుకున్నాం. పురుడు ఇంకా వెళ్ళలేదు. ఇది పత్రికలో అచ్చయి మీ చేతికొచ్చేలోపు కబురు చెప్పాల్సినవాళ్ళు ఇంకా మిగిలారు.

ద్రాక్షారామంలో మా మేనల్లుడికి, పిల్ల పుట్టిందని.

రాజమండ్రిలో మా వియ్యపురాలి అన్నయ్యకి, పిల్ల పుట్టిందని, బారసాలకి తప్పకుండా రావాలని.

మా తమ్ముడికి రెండు మాటలూ. వాడి పెళ్ళికోటు అన్నగారే కుట్టారు.

జంగారెడ్డిగూడెంలో అన్నగారి మేనత్తకి, ఆయన పోయారని. మంచంలో ఉంది, చెవులు వినపడవు, ఫోనులో కుదరదు. మనిషి వెళ్ళి దగ్గర కూర్చుని చెప్పాలి. ఎవరు వెళ్ళాలో ఇంకా తేలలేదు.

మా అమ్మాయికి, ఒక్క మాట. పురుడు వెళ్ళేదాకా ఆగమంటోంది మా అక్కయ్య. తన మంచం పిట్టగోడ వైపు కిటికీ పక్కనే ఉంది. రోజూ పిల్లని ఒళ్ళో వేసుకుని అటే చూస్తూ అడుగుతోంది, "మిషను చప్పుడు లేదేంటి నాన్నా? పెదనాన్నగారు ఊళ్ళో లేరా?" అని.