కాలువ గట్టు మీద, నా వెనకాల

శిథిలమైన కోటల్లో, పాడుబడ్డ గుళ్లలో సగం జీవితం గడిపినదాన్ని నేను. దయ్యాలే ఉంటే ముందు నాకే కనిపించాలి కదా అని నవ్వేదాన్ని. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పాను, చారిత్రక నవలలు రాశాను. ఆధారం లేని మాట ఎవరు చెప్పినా నమ్మలేదు.

కాకతీయుల కాలంలో చెరువులు తవ్వినవాళ్ల మీద నవల రాస్తుండగా మావారు పోయారు. ప్రతి చెరువుకూ నన్ను స్కూటర్ మీద తీసుకెళ్లింది ఆయనే. ఆయన పోయాక ఆ నవల ఒక్క వాక్యం కూడా ముందుకు సాగలేదు.

నిరుడు అమెరికాలో కొందరు తెలుగు పాఠకులు పిలిస్తే వెళ్లాను. చాండ్లర్ అనే ఊళ్లో స్వప్న అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఇంట్లో దిగాను. నా నవలలు చదివే అమ్మాయి. అంతకుముందు ఫోన్లో మాట్లాడడమే తప్ప కలిసింది లేదు. అక్కడి ఆదివాసులు వందల ఏళ్ల కిందట ఎడారిలో చేత్తో తవ్విన కాలువలున్నాయని, ఒక ఉదయం కారులో తీసుకెళ్లింది.

ఎండ బాగా కాస్తోంది. మేం తప్ప ఎవరూ లేరు. స్వప్న ఫొటోలు తీస్తూ వెనకే ఆగిపోయింది. నేను ఒక్కదాన్నే గట్టు చివరిదాకా వెళ్లి వచ్చాను. ఇది చూసి ఉంటే ఆయన ఎంత సంబరపడేవారో అనుకుంటూనే నడిచాను.

కారు దగ్గరికి రాగానే స్వప్న అడిగింది.

"సార్ ఏరి మేడం?"

"ఏ సారు?"

"మీ వెనకాలనే వచ్చిన్రు కదా, చెప్పులు చేతిలో పట్టుకొని. మీకు తెలిసినాయన అనుకున్న."

చెరువు గట్టు ఎక్కితే చెప్పులు విప్పి చేత పట్టుకోవడం మావారి అలవాటు. ఆ సంగతి నేనెక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు.

ఫోన్లో ఉన్న, బంధువుల పెళ్లి ఫొటో ఒకటి చూపించాను. అందులో పదిమంది దాకా మగవాళ్లున్నారు. స్వప్న తడుముకోకుండా ఆయన మీద వేలు పెట్టింది.

ఒక్క సాక్షి మాట చరిత్రకు చాలదని విద్యార్థులకు చెప్పేదాన్ని. ఆయన ఫొటో తను ఇదివరకే ఎక్కడైనా చూసి ఉండవచ్చు. ఎండకు భ్రమపడి ఉండవచ్చు. చెప్పుల సంగతికి మాత్రం ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు మళ్లీ వెళ్లి, అదే గట్టు మీద ఒంటరిగా నడిచాను. ఆగి ఆగి వెనక్కి చూశాను. ఎవరూ లేరు. భయం వేయలేదు. అసూయ వేసింది. ముక్కూమొహం తెలియని పిల్లకు కనిపించిన మనిషి నాకెందుకు కనిపించలేదు?

తిరుగు ప్రయాణం రోజు ఎయిర్‌పోర్టుకు వెళ్తూ, మనసులో ఉన్నది అడిగేశాను. చివరి నెలల్లో ఆయన మంచం దిగి నాలుగడుగులు వేయలేకపోయేవారు.

"ఆయాసపడుతూ నడిచారా, స్వప్నా?"

స్వప్న రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"లేదు మేడం. మంచిగనే నడిచిన్రు. మీరే మెల్లగ పోతున్నరని, ఆయన ఆగి ఆగి వచ్చిన్రు."