మల్లెపూల వాసన గల వాయువు

సంయోజకత అంటే ఏమిటో నాకు నేర్పింది మా సైన్సు మేష్టారు కాదు. తొమ్మిదో తరగతిలో నా పక్కన కూర్చునే అమ్మాయి.

డెబ్బైల చివరి సంవత్సరాలవి. వన్ టౌన్‌లో ఆడపిల్లల హైస్కూలు. మా నాన్న పోర్టులో గుమాస్తా. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లం. ఆ అమ్మాయి తల్లి చేపలమ్మేది. తల్లీకూతుళ్లు తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్ దగ్గరి షెడ్డులో రొయ్యలు ఒలిచేవారు. ఆమె అక్కణ్ణించే బడికి వచ్చేది. సబ్బుతో ఎంత తోముకున్నా ఆ వాసన వదిలేది కాదు. రొయ్యల ముళ్లు గుచ్చుకుని వేళ్ల చివర్లు పగిలి ఉండేవి.

మేష్టారు బోర్డు నిండా మూలకాల సంకేతాలు రాసి, "బట్టీ పట్టండి" అని కూర్చునేవారు. నాకు ఏడుపొచ్చేది. ఒకరోజు ఆమె నా పుస్తకం లాక్కుంది.

"సూడు. సోడియానికి ఒకటే సెయ్యి. ఆక్సిజన్‌కి రెండు. ఆ రెండు సేతులూ పట్టుకోడానికి సోడియాలెన్ని కావాల?"

"రెండు."

"మరింకేటి, రాసీ! ఖాళీ సెయ్యి మిగిలితే తప్పన్నమాట."

ఆ రోజు నుంచి ఏ సమ్మేళనం ఇచ్చినా ఫార్ములా రాయగలిగాను. కానీ క్వార్టర్లీలో ఆమెకు నాకంటే రెండు మార్కులు ఎక్కువొచ్చాయి. మేష్టారు నన్ను నిలబెట్టారు. "చేపలమ్మేదాని కూతురికి వచ్చింది. నీకేం రోగమే?" క్లాసంతా నవ్వింది. ఇంట్లో నాన్న అదే మాట అని, అన్నం ముందు నుంచి లేపేశాడు. నాకు మేష్టారి మీదా కోపం రాలేదు, నాన్న మీదా రాలేదు.

చలికాలంలో బోట్లకు రొయ్యలు బాగా పడ్డాయి. షెడ్డులో పని ఎక్కువై ఆమె నాలుగు రోజులు బడికి రాలేదు. ఆ రోజుల్లోనే మేష్టారు ఐరన్ సల్ఫైడు మీద యాసిడ్ పోసి హైడ్రోజన్ సల్ఫైడు తయారుచేసి చూపించారు. కుళ్లిన కోడిగుడ్ల కంపు. అందరం ఓణీలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాం. "ఇవాళ రాలేదనుకున్నాం, వచ్చేసిందే!" అని ఎవరో ఆమె ఖాళీ చోటు వైపు చూపించారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఆమె వచ్చి నోట్సు అడిగింది. ఆ రాత్రి నేను ప్రత్యేకంగా ఆమె కోసం, ముత్యాల్లాంటి అక్షరాలతో పాఠమంతా రాశాను. సమీకరణాలన్నీ సరిగ్గానే రాశాను. ధర్మాల దగ్గర మాత్రం ఇలా రాశాను: "ఇది మల్లెపూల వాసన గల వాయువు. పీల్చిన ఆరోగ్యకరము."

ఆమె చదివి కళ్లు పెద్దవి చేసింది. "ఇంత బాగుంటాదేటే? నాను సూడనేపోయాను. నువ్వు నేపోతే ఏటైపోదునో!"

హాఫ్ ఇయర్లీలో ఆ ప్రశ్నే వచ్చింది.

పేపర్లిచ్చే రోజు మేష్టారు ఆమె జవాబు పైకి చదివారు. ఒక్కో మాట దగ్గరా ఆగి, నవ్వులు తగ్గేదాకా చూసి మళ్లీ చదివారు. "మల్లెపూలా? మీ అమ్మ చేపల బుట్టలోంచి వస్తుందే, ఆ వాసనా?" అన్నారు. తర్వాత నవ్వు మానేసి, "ఎవరు చెప్పారే నీకిది?" అని అడిగారు.

ఆమె తల తిప్పి నావైపు చూసింది. నేను నా పేపరు చూసుకుంటున్నాను.

"ఎవులూ సెప్పలేదండి. నానే రాసేను."

వేళ్లు కలిపి పట్టమని, చెక్క స్కేలు నిలువుగా పెట్టి, పగిలిన ఆ చివర్ల మీదే కొట్టారు. ఆమె అరవలేదు. స్కేలుకంటిన తడిని ఆమె ఓణీకే తుడిచి, నా పేపరు పైకెత్తి అందరికీ చూపించారు. నేనే ఫస్టు. నాకు భయంగా ఉంది. సంతోషంగా కూడా ఉంది. ఆ సంగతి ఇప్పుడు దాచి లాభం లేదు.

ఆ రోజు నుంచి ఆమె చివరి బెంచీకి వెళ్లిపోయింది. ఇంకో నెలకి బడికే రావడం మానేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు. హాజరు పట్టీలో ఆమె పేరు మీద ఎర్ర సిరాతో గీత గీశారు.

ఇంటర్ చదువుతుండగా ఒక ఆదివారం అమ్మతో హార్బర్‌కి వెళ్లాను. వరసలో కూర్చుని వంజరం చేప ముక్కలు కోస్తూ ఆమె కనిపించింది. అమ్మ పక్క బుట్ట దగ్గర బేరమాడుతుంటే నేను ఆమె ముందు నిలబడ్డాను. ఎన్నోసార్లు మనసులో అనుకున్న మాటలు వేరే ఉన్నాయి.

"నన్ను గుర్తుపట్టావా?" అన్నాను.

కత్తి ఆపకుండానే ఒకసారి తలెత్తింది.

"గుర్తు నేకేటి. కొంతావా?"

నేను కత్తి పట్టుకున్న ఆమె వేళ్ల వైపు చూశాను.

"కొనకపోతే పక్కకి జరుగు. ఎనకాల ఓళ్లు నిలబడ్డారు."

నేను పక్కకి జరిగాను.